వాడిన టర్బోకు వెల కట్టడం ఎలా?

జపాన్ కంపెనీ సుబారు చేసిన డబ్ల్యూఆర్ఎక్స్ కారుకు మరింత వేగవంతమైన రూపం ఎస్టీఐ. అది అమెరికా మార్కెట్‌లోకి 2004 మోడల్‌గా వచ్చింది. రెండున్నర లీటర్ల టర్బో ఇంజిన్, 300 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం. ఆ ఇంజిన్ పేరు ఈజే257. చిన్న చిన్న మార్పులతో 2021 మోడల్ వరకు అదే ఇంజిన్ కొనసాగింది. కొత్త డబ్ల్యూఆర్ఎక్స్ ఆధారంగా పెట్రోలుతో నడిచే ఎస్టీఐ ఇక రాదని 2022 మార్చిలో కంపెనీ ప్రకటించింది. తయారీ ఆగినా కారు మీద మోజు ఆగలేదు. అందుకే వాడిన ఇంజిన్లు, టర్బోలు, ఎగ్జాస్ట్ గొట్టాలు ఒకరి గ్యారేజీ నుంచి మరొకరి గ్యారేజీకి నేరుగా చేతులు మారుతూనే ఉన్నాయి. వేగం కోసం తయారైన కార్ల విడిభాగాలను సొంతంగా అమ్ముకోవడంలోని లెక్కలన్నీ ఈ ఒక్క కారులో కనిపిస్తాయి.

ముందుగా, కారును మొత్తంగా అమ్మకుండా భాగాలుగా ఎందుకు అమ్ముతారు? పెద్ద టర్బో, ఇంధనాన్ని చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, స్టీలు ఎగ్జాస్ట్ అంటూ వేల డాలర్లు పోసి మార్పించిన కారును అలాగే అమ్మకానికి పెడితే ఆ ఖర్చు తిరిగి రాదు. పైగా మామూలు కారుకు వచ్చే ధర కూడా రాకపోవచ్చు. మార్పులు కనిపించగానే ‘దీన్ని ఎంత కర్కశంగా తోలారో’ అన్న అనుమానం కొనేవారికి కలుగుతుంది. అందుకని తెలివైన యజమాని మొదటి రోజు నుంచే కంపెనీ భాగాలను అట్టపెట్టెల్లో భద్రంగా దాచుకుంటాడు. అమ్మే రోజు వాటిని తిరిగి బిగించి కారును కారుగా, మార్పులను విడిగా అమ్ముతాడు. ఇక ఇంజిన్ పాడైన కారు సంగతి వేరు. దాన్ని బాగు చేయించడం కంటే విప్పి అమ్మడమే లాభమని లెక్క తేలుతుంది.

ఒకే రకం టర్బోకు ఇద్దరు అమ్మకందారులు చెప్పే ధరల్లో పెద్ద తేడా కనిపించవచ్చు. ఆ తేడాకు కారణం చాలాసార్లు లోహంలో దొరకదు. ఆ టర్బో ఏ కారులో ఉండేది, ఎన్ని మైళ్లు తిరిగింది, ఎందుకు ఊడదీశారు అన్న మూడు ప్రశ్నలకు ఎవరు ఆధారంతో జవాబు చెప్పగలరో వారికే మంచి ధర పలుకుతుంది. జవాబు లేని చోట కొనేవాడు చెడునే ఊహించుకుంటాడు, ఊహించుకున్న చెడుకే వెల కడతాడు. అది అతని తప్పేమీ కాదు. లోపల ఏముందో చూడలేని వస్తువు విషయంలో అంతకంటే వివేకమైన పద్ధతి లేదు.

ఈ మూడింటిలో ‘ఎందుకు ఊడదీశారు’ అన్నదే అసలైన ప్రశ్న. ఈజే257 పిస్టన్లు పోత పోసినవి, అందుకే కొంచెం పెళుసు. ఇంధనం వేళకాని వేళ మండి ఇంజిన్ ‘నాక్’ అయితే, పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నని అంచు పగిలిపోవడం ఈ ఇంజిన్‌కు బాగా పేరుపడ్డ జబ్బు. రెండో జబ్బు, నూనె సరిగా అందక కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగిపోవడం. బేరింగు అరిగితే దాని లోహపు రజను నూనెతో కలిసి ఇంజిన్ అంతటా తిరుగుతుంది; ఆయిల్ కూలర్‌లోకీ చేరుతుంది, టర్బో రెక్కలు తిరిగే ఇరుసు, అంటే షాఫ్ట్, దాకా కూడా వెళ్తుంది. కాబట్టి ‘ఇంజిన్ పోయింది, టర్బో మాత్రం బాగుంది’ అనే ప్రకటనకు రెండు అర్థాలు ఉంటాయి. రింగు అంచు పగిలిన కారులోని టర్బో నిజంగానే బాగుండవచ్చు. బేరింగు పోయిన కారులోని టర్బోను మాత్రం విప్పి శుభ్రం చేసి చూడనిదే బాగుందని చెప్పడం సాహసం. ఏ జబ్బుతో ఇంజిన్ ఆగిందో రాయకుండా టర్బోను అమ్మేవాడు, అబద్ధం చెప్పకపోయినా, అవతలివాడికి అవసరమైన నిజాన్ని దాచినట్టే.

టర్బోకు నూనె అందించే గొట్టపు బోల్టులో ఈ కార్లలో ఒక చిన్న జల్లెడ ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోతే టర్బో నూనె లేక ఎండిపోతుంది. టర్బో అమ్మేవారు ఆ బోల్టును విప్పి, జల్లెడ ఫొటో కూడా తీసి పెడితే, పదిసార్లు ‘చాలా మంచి కండిషన్’ అని రాసినదానికంటే ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

షాఫ్ట్‌ను వేలితో పట్టుకుని కదిపి చూడటం అందరికీ తెలిసిన పరీక్షే, కానీ దాన్ని తప్పుగా అర్థం చేసుకునేవారే ఎక్కువ. మామూలు బేరింగు టర్బోలో షాఫ్ట్ నూనె పొర మీద తేలుతుంది. నూనె లేనప్పుడు పక్కలకు కొద్దిగా ఊగడం సహజం. ముందుకూ వెనక్కూ కదలిక మాత్రం చేతికి తెలియకూడదు. పక్క కదలిక ఎంత ఉన్నా రెక్కలు గోడకు తగలకూడదు. తగిలితే లోపలి గోడ మీద గీతలు పడతాయి, ఆ గీతలను ఏ మాటలూ చెరపలేవు. ఎగ్జాస్ట్ వైపు పెంకులో, అదనపు పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్ రంధ్రం దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు వాడిన టర్బోల్లో తరచూ ఉంటాయి. వాటిని దాచేకంటే దగ్గరగా ఫొటో తీసి చూపించడమే మేలు. కొనేవాడికి అవి ఎలాగూ పెట్టె విప్పగానే కనిపిస్తాయి.

సంవత్సరం కూడా ముఖ్యమే. 2002 నుంచి 2005 దాకా అమెరికాలో అమ్మిన రెండు లీటర్ల డబ్ల్యూఆర్ఎక్స్‌లో ఇంజిన్ నుంచి టర్బోకు పొగను తీసుకెళ్లే గొట్టంలోనే, అంటే అప్‌పైప్‌లోనే, పొగలోని విషవాయువులను తగ్గించే చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండేది. కాలక్రమంలో దాని లోపలి భాగం చిట్లితే ఆ ముక్కలు నేరుగా టర్బో రెక్కల్లోకి పోతాయి. ఎస్టీఐ అప్‌పైప్‌లో ఆ కన్వర్టర్ లేదు. డబ్ల్యూఆర్ఎక్స్ మీద ఉండేది మిత్సుబిషి టీడీ04, తొలినాటి ఎస్టీఐ మీద ఉండేది ఐహెచ్ఐ వీఎఫ్39. పేరు, నంబరు చెక్కిన పలక ఫొటో లేకుండా ‘సుబారు టర్బో’ అని అమ్మకానికి పెట్టడం ‘ఒక పుస్తకం అమ్ముతాను’ అనడం లాంటిది.

ఇంజిన్ అమ్మేవారు చేసే పెద్ద పొరపాటు పరీక్షను ఆలస్యం చేయడం. ఒకసారి కిందికి దించాక ఇంజిన్ బతికి ఉందో లేదో చూపించడం చాలా కష్టం. కంప్రెషన్ పరీక్ష (సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో చూసేది), లీక్‌డౌన్ పరీక్ష (ఆ ఒత్తిడి ఎంత కారిపోతోందో చూసేది), చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో, ఓడోమీటర్ ఫొటో, ఇవన్నీ ఇంజిన్ కారులో ఉండగానే పూర్తి కావాలి. కంప్రెషన్ అంకె ఎంత పెద్దదన్నదాని కంటే నాలుగు సిలిండర్లలో సమానంగా ఉందా లేదా అన్నది ముఖ్యం. సముద్ర మట్టానికి మైలు ఎత్తున ఉన్న డెన్వర్‌లో వచ్చే అంకె, తీరానికి దగ్గరగా ఉన్న హ్యూస్టన్‌లో వచ్చే అంకె కంటే తక్కువే ఉంటుంది; గాలి పలుచన కావడమే అందుకు కారణం. మూడు సిలిండర్లు ఒకలా ఉండి నాలుగోది బాగా తగ్గితే, ఏ ఊళ్లో కొలిచినా అది అనారోగ్యమే.

ఇంజిన్ నంబరు సంగతి కూడా ఇక్కడే. దొంగతనాలను అరికట్టడానికి అమెరికా 1984లో చేసిన చట్టం, ఎక్కువగా దొంగతనానికి గురయ్యే కార్ల ఇంజిన్, గేర్‌బాక్స్ వంటి ప్రధాన భాగాల మీద గుర్తింపు సంఖ్య ఉండాలని నిర్దేశించింది. ఆ సంఖ్యను గీకేయడం ఫెడరల్ నేరం. నంబరు ఫొటోతో పాటు, ఆ నంబరున్న కారు తనదేనని చూపే రిజిస్ట్రేషన్ పత్రం పక్కన పెట్టి చూపిస్తే నిజాయతీపరుడైన అమ్మకందారుకు పోయేదేమీ లేదు.

నకిలీల బెడద వల్ల పాత బిల్లుకు విలువ పెరిగింది. హెచ్‌కేఎస్ కంపెనీ బ్లో ఆఫ్ వాల్వులకూ (టర్బో గాలి ఒత్తిడి ఎక్కువైతే వదిలేసేవి), టియాల్ కంపెనీ వేస్ట్‌గేట్లకూ అచ్చు గుద్దినట్టున్న నకళ్లు ఏళ్ల తరబడి మార్కెట్‌లో తిరుగుతున్నాయి. పెట్టె, స్టిక్కరు కూడా నకిలీవే వస్తాయి. మొదట కొన్నప్పటి బిల్లు ఉంటే వాడిన అసలు వస్తువుకు గౌరవంగా ధర అడగవచ్చు. బిల్లు పారేసినవాడు అసలు వస్తువును నకిలీ ధరకు అమ్ముకోవాల్సిన పరిస్థితి తెచ్చుకుంటాడు.

ఇక ఎగ్జాస్ట్. మనం సైలెన్సర్ అనే డబ్బా ఈ వరుసలో చివరిది. సుబారులో ఇంజిన్ కింద పొగను పోగుచేసే హెడర్, అక్కడి నుంచి టర్బోకు అప్‌పైప్, టర్బో నుంచి కిందికి డౌన్‌పైప్, అందులో క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆ తర్వాత మధ్య గొట్టం, మఫ్లర్. పాత సుబారులకు పేరు తెచ్చిన ఆ గుడగుడ శబ్దం హెడర్‌లోని గొట్టాల పొడవులు సమానంగా లేకపోవడం వల్ల పుట్టింది. కన్వర్టర్ తర్వాతి భాగమంతా కలిపి ‘క్యాట్‌బ్యాక్’ అంటారు. అమ్మేవాడికి చట్టపరంగా నిశ్చింత ఇచ్చేది ఇదే. దీనికి కాలుష్య నియంత్రణతో సంబంధం లేదు, ఉన్నదల్లా శబ్దంతోనే. కాలిఫోర్నియాలో మామూలు కార్లకు శబ్ద పరిమితి 95 డెసిబెళ్లు. క్యాట్‌బ్యాక్ అమ్మేటప్పుడు చూపాల్సినవి తుప్పు, వెల్డింగ్ అతుకులు, నేలకు తగిలి సొట్ట పడిన చోట్లు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఈశాన్య రాష్ట్రాల్లో వాడిన గొట్టానికీ, అరిజోనా ఎండలో వాడిన గొట్టానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి రంపంతో కోసి తీశారా అన్నది కూడా ముందే చెప్పాలి. కోసిన గొట్టం అమ్మకానికి పనికిరాదని కాదు. కొన్నవాడు వెల్డింగ్ ఖర్చును లెక్కలో వేసుకోవాలి కదా.

క్యాట్‌బ్యాక్ దాటి ఇంజిన్ వైపు ముందుకు వెళ్తే నేల మారిపోతుంది. అమెరికా స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం, కాలుష్య నియంత్రణ పరికరాన్ని తప్పించడమో పనిచేయకుండా చేయడమో ప్రధాన ఫలితంగా ఉన్న భాగాన్ని, అది తెలిసీ, లేదా తెలిసి ఉండాల్సిన స్థితిలో ఉండీ, తయారు చేయడం, అమ్మడం, అమ్మజూపడం, బిగించడం నిషేధం. ఈ నిబంధనలో ‘వ్యాపారి’ అన్న మాట లేదు, ‘ఏ వ్యక్తి అయినా’ అని ఉంది. అంటే కన్వర్టర్ లేని డౌన్‌పైప్‌ను కంపెనీ అమ్మినా, గ్యారేజీ మూలన పెట్టుకున్న సామాన్య యజమాని అమ్మినా సూత్రం ఒకటే. ప్రకటన చివర ‘రోడ్డు మీద వాడటానికి కాదు, రేసింగ్‌కు మాత్రమే’ అని ఒక వాక్యం తగిలించే అలవాటు బలంగా ఉంది. అది రక్ష అని చాలామంది నమ్ముతారు. రోడ్డు కోసం ధ్రువీకరణ పొందిన కారును రేసు కారుగా మారిస్తే చట్టం నుంచి మినహాయింపు ఉంటుందన్న వాదనను పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒప్పుకోలేదు. ఆ మినహాయింపు కోసం విడిభాగాల పరిశ్రమ కాంగ్రెస్‌లో బిల్లుల మీద బిల్లులు పెట్టించిందంటేనే, ఉన్న చట్టంలో ఆ మినహాయింపు స్పష్టంగా లేదని అర్థం.

వాస్తవంలో ప్రభుత్వ చర్యలు పెద్ద సంస్థల మీదే ఎక్కువగా సాగాయి. సుబారు యజమానులకు బాగా పరిచయమైన కాబ్ ట్యూనింగ్ కంపెనీ 2024లో దాదాపు 29 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. అమ్మకాలకు వేదిక అయిన ఈబే మీద 2023లో వేసిన దావాలో కాలుష్య నియంత్రణను తప్పించే 3,43,000కు పైగా పరికరాల ప్రస్తావన ఉంది. 2024 సెప్టెంబరులో న్యాయస్థానం ఆ దావాను కొట్టివేసింది. వేదిక తప్పించుకుందంటే వస్తువు చట్టబద్ధమైపోయిందని కాదు. అక్కడ తేలింది వేదిక బాధ్యత సంగతే.

నిజాయతీగా నడుచుకోవాలనుకునే అమ్మకందారును నిజంగా ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. కన్వర్టర్ లేని గొట్టం అమ్మకూడదంటే ఒప్పుకోవచ్చు. మరి పెట్టెలో దాచుకున్న కంపెనీ డౌన్‌పైప్ సంగతేమిటి? మార్పులు చేసిన కారు కొని, కాలుష్య తనిఖీలో నెగ్గక తల పట్టుకున్న మరో యజమానికి సరిగ్గా అదే కావాలి. గాలి శుభ్రపడటానికే అది ఉపయోగం. అయినా అందులో ఉన్నది వాడిన కన్వర్టర్. పర్యావరణ పరిరక్షణ సంస్థ 1986లో ప్రకటించిన విధానం ప్రకారం, వాడిన కన్వర్టర్‌ను మరో కారుకు బిగించడానికి అమ్మాలంటే దాన్ని విడిగా పరీక్షించి, గుర్తింపు ముద్ర వేయాలి. ఇంటి దగ్గర ఎవరికీ అది సాధ్యం కాదు. కాలిఫోర్నియాలో నిబంధనలు ఇంకా కఠినం. పైకి చూస్తే బాగున్న కన్వర్టర్ లోపల చచ్చిపోయి ఉండవచ్చన్నది దీని వెనక ఉన్న తర్కం, ఆ తర్కం సరైనదే. కానీ దాని ఫలితంగా, తప్పు దిద్దుకోవాలనుకున్న కారు యజమాని వేల డాలర్లు పెట్టి కొత్త భాగం కొనాల్సి వస్తుంది. సొంత భాగాన్ని అదే మోడల్ కారుకు ఇవ్వాలనుకునే యజమానికి చవకైన పరీక్షా కేంద్రం ఒకటి అందుబాటులో ఉంటే గాలికీ మేలు, జేబుకూ మేలు. ఇన్నేళ్లలో అలాంటి దారి ఏర్పడకపోవడం బాధాకరం.

చివరికి ఆ కన్వర్టర్‌కు మిగిలేది లోహపు ధరే. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం కోసం రీసైక్లింగ్ సంస్థలు కొంటాయి. 2021లో రోడియం ఔన్సు ధర దాదాపు 29,000 డాలర్ల దాకా ఎగబాకింది. ఆగి ఉన్న కార్ల కింద దూరి కన్వర్టర్లు కోసుకుపోయే ముఠాలు ఆ కాలంలోనే పెచ్చుమీరాయి. 2022 నవంబరులో ఐదు రాష్ట్రాల్లో 21 మందిని అరెస్టు చేసినప్పుడు ప్రభుత్వం జప్తు కోరిన మొత్తం 54.5 కోట్ల డాలర్లు. అందుకే కాలిఫోర్నియాతో సహా అనేక రాష్ట్రాలు, కన్వర్టర్ తెచ్చినవాడు కారు యజమానే అని రుజువు లేకుండా కొనకూడదని చట్టాలు తెచ్చాయి. కారు పత్రాలు లేకుండా కన్వర్టర్ చేత్తో పట్టుకుని వెళ్తే, సొంతదైనా దొంగ చూపులు తప్పవు.

ఇంజిన్‌ను నియంత్రించే సాఫ్ట్‌వేర్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చే కాబ్ యాక్సెస్‌పోర్ట్ అనే చేతి పరికరం ఒకసారి ఒక కారుకు ముడిపడితే, ఆ కారు నుంచి పద్ధతిగా విడదీసేదాకా మరో కారులో పనిచేయదు. మామూలుగా విడదీయాలంటే ఆ కారు ఉండాలి. కారు ముందు అమ్మేసి పరికరాన్ని తర్వాత అమ్మబోయినవారి చేతిలో ఉండేది పనికిరాని ప్లాస్టిక్ ముక్కలాంటిదే. పెద్ద ఇంజెక్టర్లు తీసి కంపెనీవి బిగించి, పాత సాఫ్ట్‌వేర్‌ను అలాగే వదిలేయడం ఇంకా ప్రమాదం. ఇంధనం లెక్క తప్పి ఇంజిన్ పాడయ్యే అవకాశం ఉంది. కాలిఫోర్నియా కాలుష్య తనిఖీల్లో 2021 జూలై 19 నుంచి సాఫ్ట్‌వేర్ మార్పులను కూడా చూస్తున్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో పాత గేర్‌బాక్స్ కొన్నవాడికి ఒక ధీమా ఉంటుంది: తేడా వస్తే రేపు పొద్దున అదే షాపు ముందు నిలబడి అడగవచ్చు. వందల మైళ్ల దూరాన ఉన్న అపరిచితుడి నుంచి కొన్నప్పుడు ఆ షాపు లేదు. దాని స్థానంలో ఉన్నది అమ్మినవాడు రాసిన వివరణే. ఆ వివరణకు చట్టంలో బరువు ఉంది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ అనుసరించే వాణిజ్య నియమావళి ప్రకారం, వస్తువు పనికొచ్చేలా ఉంటుందన్న సహజ హామీ వ్యాపారులకే వర్తిస్తుంది. సొంత సామాను అమ్ముకునేవారికి కాదు. అయితే ఎవరు అమ్మినా సరే, వస్తువు గురించి రాసిన స్పష్టమైన మాట హామీ అవుతుంది. ‘ఐదు వేల మైళ్ల క్రితం కొత్త బేరింగులు వేయించాను’ అని రాస్తే అది హామీయే. కింద ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాను’ అని చేర్చినంత మాత్రాన అది చెల్లకుండా పోదు. కాబట్టి తెలిసింది కచ్చితంగా రాయడం, తెలియనిది తెలియదని రాయడం అమ్మేవాడికే రక్షణ.

డబ్బు విషయంలో రెండు వైపులా మోసాలున్నాయి. స్నేహితులకు పంపినట్టుగా డబ్బు పంపమని పట్టుబట్టే అమ్మకందారు కొనేవాడి రక్షణను తీసేస్తున్నాడు. మంచి టర్బో తీసుకుని, తన పాడైన టర్బోను వెనక్కి పంపి సొమ్ము తిరిగి అడిగే కొనుగోలుదారూ ఉంటాడు. సీరియల్ నంబరు ఫొటో, ఎవరికీ కనిపించని చోట ఒక పెయింటు చుక్క, పెట్టె కట్టేటప్పుడు తీసిన వీడియో ఈ మోసాన్ని ఆపుతాయి. ఇంజిన్ పార్సిల్‌గా పోదు. పెద్ద కొరియర్ సంస్థల పార్సిల్ పరిమితి 150 పౌండ్లు. చెక్క పలక మీద బిగించి, నూనె పూర్తిగా వంపేసి, సరకు రవాణా లారీకి ఇవ్వాలి. ఇంజెక్టర్లలో పెట్రోలు చుక్క మిగిలినా అది ప్రమాదకర సరకే.

అమెరికాలో ఉద్యోగ వీసాల మీద ఉన్న తెలుగు యువకుల్లో ఇలాంటి కార్ల మీద ప్రేమ పెంచుకున్నవారు ఉన్నారు. ఉద్యోగం పోయి, దేశం విడవడానికి గడువు దగ్గరపడినప్పుడు కారును అయినకాడికి అమ్మేయడం చూస్తాం. సొంత కారు భాగాలు అమ్ముకోవడం ఉద్యోగం కిందికి రాదు. కానీ లాభం కోసం పాడైన కార్లు కొని విప్పి అమ్మడం మొదలైతే అది వ్యాపారం. వీసా నిబంధనల ప్రశ్న తలెత్తుతుంది, కొన్ని రాష్ట్రాల్లో కార్లు విప్పడానికి లైసెన్సు కూడా కావాలి. పోనీ టర్బోనో ఎగ్జాస్ట్‌నో హైదరాబాద్‌కు పంపుకుందామనుకుంటే, మూలధన వస్తువులు కాని వాడిన సరకుల దిగుమతికి భారత్‌లో ప్రత్యేక అనుమతి అవసరం. ఆ అడ్డంకి దాటినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అన్న నిబంధన చేరింది. అక్కడ సక్రమంగా అమ్ముడుపోయే క్యాట్‌బ్యాక్‌ను ఇక్కడి దాకా మోసుకురావడంలో అర్థం లేదు.

భాగాలన్నీ అమ్ముడుపోయాక తలుపులు, పైకప్పు, పత్రాలు మిగిలిన డొక్కు ఒకటి వాకిట్లో ఉంటుంది. దాన్ని పాత ఇనుముకు ఇచ్చేటప్పుడు యాజమాన్య పత్రం మీద సంతకం చేసి, మోటారు వాహనాల శాఖకు బదిలీ సమాచారం పంపాలి. కాలిఫోర్నియాలో దీనికి గడువు ఐదు రోజులు. ఆ సమాచారం చేరేదాకా, ఇంజిన్ లేని ఆ కారు ఏ వీధిలో వదిలేసి కనిపించినా నోటీసు వచ్చేది పాత యజమాని ఇంటికే.